మధ్యలో దూరిన రింగు

లేతు గది నుంచి

తమ్ముడికి,

ఈ ఉత్తరం రాయిస్తున్నది నీ అక్కని. ఇంట్లో అత్తయ్యని, వీధిలో రింగులావిడని. వయసు డెబ్బై నాలుగు. ఈ ఇంట్లో నేను, నా కొడుకు, నా కోడలు ఉంటాం. ముందుగదిలో నాన్న లేతు, కాలితో తొక్కి ఇత్తడి కోసే యంత్రం, ఉంటుంది. దాన్ని కూడా ఇంటి మనిషి కిందే జమకట్టుకో, ఎందుకంటే ఇప్పుడీ రచ్చంతా దాని గురించే. నాకు అక్షరం రాదు, అంకె వచ్చు. ఈ కాగితం మీద అక్షరాలు కోడలివి, మాటలు నావి. ఎక్కడైనా మాట మెత్తగా తగిలితే అది కోడలి నిర్వాకం అనుకో. నావి అలా ఉండవు.

నీ ఉత్తరం కోడలు రెండుసార్లు చదివింది. మొదటిసారి నా చెవులు చెడ్డాయేమో అనుకున్నాను. రెండోసారి నీ బుద్ధే చెడిందని తెలిసింది.

ఏం రాశావు? "అక్కా, నువ్వు చేసిన రింగు వల్ల ఫొటో మూలలు నల్లబడ్డాయి, నీ చేయి వణుకుతున్నట్టుంది, నాన్న మాట ప్రకారం లేతు నాకు పంపెయ్యి" అని. ఇంత మాట కార్డు ముక్క మీద రాశావు. అదే ఎదురుగా నిలబడి అను చూద్దాం. చిన్నప్పుడు నా జడ పట్టుకుని లాగి పరిగెత్తేవాడివి, అప్పుడూ ఎదురుగా నిలబడ్డ పాపాన పోలేదు.

సరే. నా పక్షం నేను చెప్పుకుంటాను. విను.

నీ దుకాణానికి ఒక ఫొటోలావిడ రంగు గాజు ఫిల్టర్ల పాత పెట్టె తెచ్చింది. ఇప్పటి ఫిల్టర్లయితే మర తిప్పి బిగిస్తారు. అవి పాత రకం, గిన్నె మీద మూత పెట్టినట్టు లెన్సు మూతికి తొడిగేవి. ఆవిడ లెన్సుకేమో మర ఉంది. ఆ రెండింటికీ పొత్తు కుదరాలంటే మధ్యన ఒక రింగు కావాలి. ఒక పక్క లెన్సులోకి ఎక్కే మర, ఇంకో పక్క ఫిల్టరు కరుచుకునే నున్నటి అంచు. పెళ్ళిళ్ళ పేరయ్య పనే అది, అటు వాళ్ళతో అటు మాట, ఇటు వాళ్ళతో ఇటు మాట. కానీ ఇక్కడ అబద్ధం చెల్లదు. వెంట్రుకవాసి అబద్ధం ఆడినా బిగుసుకోదు.

లెన్సు నువ్వు పంపలేదు. రెండు అంకెలు రాసి పంపావు. లెన్సు మూతి ఇంత, ఫిల్టరు లోపల ఇంత అని. ఆ అంకెలకి నేను ఇత్తడి కోశాను. మర కోసి, అంచు నునుపు చేసి, వెలుగు తుళ్ళకుండా లోపల నల్లరంగు వేసి, దూదిలో పెట్టి పంపాను. నువ్వు అందిందని కూడా రాయలేదు. ఇప్పుడు మిల్లు వాకిట్లో ఒక షిఫ్టు మనుషులందరినీ వరసలో నిలబెట్టి ఆవిడ ఫొటో తీస్తే, ఆ చివర ఒకడు ఈ చివర ఒకడు చీకట్లో కలిసిపోయారట. మొహాలే లేవట.

తమ్ముడూ, చివర నిలబడ్డవాళ్ళకి మొహం లేకుండా చేసే రింగు ఈ చేతిలోంచి రాదు. సన్నంగా, పొట్టిగా కోశాను. ఎత్తుగా ఉన్న రింగే కదా మూలలకి అడ్డం వచ్చేది. కిటికీలోంచి చూసేటప్పుడు గోడ మందంగా ఉంటే పక్కలు కనిపించవు, అంతే సంగతి. ఇది నీకు నేను చెప్పాలా? నాన్న మనిద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పాడు. నాకు ఇత్తడి, నీకు గాజు అని పంచింది ఆయనే.

ఇంక నాన్న మాట సంగతి. "చేయి వణికిన రోజు పనిముట్టు రెండోవాళ్ళకి పోవాలి." అన్నాడు, నేను కాదనను. ఆయన నోట వచ్చిన మాట నేను దాటను. కానీ వణికిందని ఎవడు తేల్చాడు? ఆడలేనివాళ్ళు మద్దెల ఓడు అంటారు. నువ్వేమో మద్దెలనే పట్టుకుపోతానంటున్నావు.

ఆ రింగు నాకు పంపు. చూసి, తప్పు నాదైతే లేతుకి నేనే దండం పెట్టి బండెక్కిస్తాను.

(కోడలు పక్కనుంచి "మామయ్యగారి ఆరోగ్యం అడగండి" అంటోంది. అడిగానని రాసుకోవే.)

నీ అక్క


కెమెరాల దుకాణం నుంచి

అక్కకి,

నీ ఉత్తరం అందింది. అందిందనడం కన్నా మీద పడింది అనాలి. ఇక్కడ అందరం కులాసా. వదులుగా ఉన్న పన్ను ఒకటి ఊడింది, నువ్వు వింటే సంతోషిస్తావని రాస్తున్నాను.

నువ్వు కోప్పడతావని తెలిసే కార్డు మీద రాశాను. కార్డు చిన్నది, ఎక్కువ తిట్లు తినదనుకున్నాను. అక్కా, నిన్ను తక్కువ చేయాలని కాదు. నీ రింగులతో ఈ దుకాణం ఎన్నేళ్ళు నడిచిందో నాకు తెలుసు. కానీ వయసు అందరికీ వస్తుంది. నీకు మాత్రం రాకూడదని ఎక్కడ రాసి ఉంది? ఆ వయసులో కాలితో లేతు తొక్కడం, చేత్తో ఉలి లాంటి టూలు పట్టడం, చూసేవాళ్ళకే భయం. నీ కొడుకు కూడా మొన్న కనిపించినప్పుడు అదే అన్నాడు. ముందుగది ఖాళీ అయితే అమ్మకి మంచం వేస్తాం, గాలి వస్తుంది అన్నాడు.

రింగు పంపడం ఇప్పుడు కుదరదు. అది లెన్సుకి ఉంది, లెన్సు ఆవిడ దగ్గర ఉంది. ఒకసారి చెడిందని చెప్పాక మళ్ళీ మళ్ళీ అడిగితే దుకాణం పరువేముంటుంది? నా మాట నమ్ము. నీ తమ్ముణ్ణి, అబద్ధం చెప్పి నాకు ఒరిగేదేముంది?

పౌర్ణమి దాటాక మా వాడు బండి మాట్లాడతాడు. లేతుని జాగ్రత్తగా విప్పి తెస్తాడు. నీకు కష్టం లేకుండా చూస్తాడు.

కోడలితో చెప్పు, ఈసారి నా రాత బాగా లేదని వంక పెట్టొద్దని. కలం కొత్తది.

నీ తమ్ముడు


లేతు గది నుంచి

తమ్ముడికి,

మంచం వేస్తారా? ఈ గదిలో? గాలి వస్తుందా?

నీ ఉత్తరం చదవడం పూర్తి కాగానే నా కొడుకుని పిలిపించాను. "ఏరా, నాకు గాలి కావాలని నీతో ఎవరు చెప్పార్రా?" అన్నాను. వాడు నేల చూశాడు. "నువ్వు పడిపోతావేమోనని భయమమ్మా" అన్నాడు. "పడితే లేతు మీదే పడతాను, నీ మీద పడను, భయపడకు" అన్నాను. అన్నం తినే వేళకి కాస్త సర్దుకున్నాం. వాడు చెడ్డవాడు కాదు. భయస్తుడు. తండ్రి పోలిక.

ఇంక అసలు సంగతి. నీ కాగితం కోడలి చేతిలో చాలాసేపు ఉండిపోయింది. "ఏమిటే, నములుతున్నావా?" అంటే, "అత్తయ్యా, మామయ్యగారి వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి, విడదీసుకుంటున్నాను" అంది. కలం కొత్తదని నువ్వే రాశావు గనక వదిలేశాను. వదిలేశాను గానీ మర్చిపోలేదు.

నా చేయి వణుకుతోందన్నావు కదా. నిన్న పొద్దున్న పక్క కొట్టు దర్జీని పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆయన చేతి సంగతి ఊరందరికీ తెలుసు, కాజాలు కుట్టి బతికిన మనిషి. నాకూ ఆయనకీ మొహమాటాలు లేవు. పోయినేడు నా రవిక చంక బిగిసిందని వీధిలో నిలబెట్టి కడిగేశాను, ఆయన కూడా తక్కువ తినలేదు. అలాంటి మనిషి ముందు ఇత్తడి కడ్డీ బిగించి, మర కోసి, ఆ మర మీద మా పాత నమూనా రింగు ఎక్కించి, వేలితో ఒక్కసారి తోశాను. తిరుగుతూ తిరుగుతూ దానంతటదే చివరికి వెళ్ళి ఆగింది. ఎక్కడా పట్టలేదు, ఎక్కడా కదల్లేదు. దర్జీ చూశాడు, చూశాడు. "అమ్మగారూ, సూదిలో దారం కాస్త మీరే ఎక్కించి పెట్టండి రోజూ" అన్నాడు. అతని పొగడ్త అలా ఉంటుంది, నోరు విప్పి బాగుంది అనడు.

కాబట్టి చేయి బాగుంది. చేయి బాగుండి రింగు చెడితే, చెడిన చోటు వేరే ఉంది. ఆ చోటు నేను చూడాలి. రింగు ఒక్కటే కాదు, ఆవిడ లెన్సు, ఆ లెన్సు మూత, ఫిల్టరు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు పంపు. విప్పకు. తుడవకు. "సరిచేస్తున్నాం" అని ఆవిడతో చెప్పు, అది అబద్ధం కూడా కాదు. పరువంటావా, మొహాలు పోయిన ఇద్దరు మిల్లు మనుషుల పరువు ముందు. వాళ్ళు ఉతికిన చొక్కాలు వేసుకుని నిలబడి ఉంటారు ఆ రోజు.

అవి రాకుండా బండి వస్తే, బండిని వచ్చిన దారినే పంపిస్తాను. బండివాడికి మాత్రం మజ్జిగ ఇస్తాను, వాడి తప్పేం లేదు కదా.

నీ అక్క


కెమెరాల దుకాణం నుంచి

అక్కకి,

పార్సెలు పంపుతున్నాను. ఫొటోలావిడ తానే వచ్చి లెన్సు ఇచ్చింది. "రింగు చేసినవాళ్ళకే చూపించండి, ఎవరు చేశారో నాకు చెప్పనేలేదు మీరు" అంది. లెన్సు తీసుకుని పార్సెలు కట్టడం మొదలుపెట్టాను.

నువ్వు అడిగినట్టే విప్పలేదు, తుడవలేదు.

బండి ప్రస్తుతానికి ఆపించాను. చూసి నీకు తోచింది రాయి. తిట్టాలంటే విడిగా కాగితం పెట్టి తిట్టు, ఉత్తరాలు ఈమధ్య మా వాడు చదివి పెడుతున్నాడు. దుకాణంలో పని ఎక్కువ, నాకు తీరిక ఉండటం లేదు.

తమ్ముడు


లేతు గది నుంచి

తమ్ముడికి,

విడి కాగితం అక్కర్లేదు. నీ కొడుకు చదివితే చదవనీ, నా మేనల్లుడే, వాడు పరాయివాడు కాదు. లేదా వాడు దుకాణంలో లేనప్పుడు నీ భార్య చేత చదివించుకో. నీ ఇష్టం. నేను మాత్రం చూసింది చెప్తాను.

పార్సెలు బల్ల మీద పెట్టి, దీపం దగ్గరికి లాక్కుని, ఒక్కొక్కటే విప్పాను. కోడలు పక్కనే నిలబడింది. మొట్టమొదట మూత చేతికొచ్చింది. నువ్వు నాకు పంపిన అంకె ఎక్కడిదో అప్పుడే తెలిసింది. మూత లోపల చెక్కి ఉన్న అంకె అది. యాభై అయిదు మిల్లీమీటర్లు. కానీ మూత చుట్టూ లోపల ఫెల్టు గుడ్డ పట్టీ అంటించి ఉంది. అది ఆ మూతతో పుట్టిన గుడ్డ కాదు. ఆ ఫొటోలావిడ సొంత మూత ఎక్కడో పోగొట్టుకుని, వేరే పెద్ద లెన్సు మూత తెచ్చి, వదులుగా ఉంటే గుడ్డ అంటించి బిగువు చేసుకుంది. లెన్సు మూతి యాభై రెండు. నేను వెర్నియరు కొలబద్ద పెట్టి చూశాను. వెర్నియరు పెడితే ఎవరికైనా తెలుస్తుంది.

నువ్వు వెర్నియరు పెట్టలేదు. మూత మీది అంకె వేలితో తడిమి తెలుసుకుని అదే రాసేశావు.

నేను యాభై అయిదుకి కోసి పంపాను. అది లెన్సులోకి ఎక్కదు కదా, మూతి కన్నా పెద్దది. అప్పుడు నువ్వు నాకు రాయాల్సింది. రాయలేదు. మీ దుకాణంలో పాత డబ్బాలోంచి ఒక రింగు తీసి, యాభై రెండుకి యాభై అయిదుకి మధ్యలో దూర్చావు. దాని మీద నా రింగు, నా రింగు మీద ఫిల్టరు. మేడ మీద మేడ. ఇంక మూలలు నల్లబడక ఏమవుతాయి? పైగా ఆ మధ్య రింగు వంకరగా ఎక్కింది. మర మీద మర పడి, కొరుక్కుని, అలాగే బిగుసుకుపోయింది. అది విప్పడానికి నాకు ఒక పూట పట్టింది. రబ్బరు చుట్టి, వేడి చేసి, బతిమాలి విప్పాను. లెన్సుకి గీత పడలేదు, భయపడకు.

ఒరే తమ్ముడూ. మర వంకరగా ఎక్కుతుంటే కనబడే మనిషెవడూ ఇంకొక చుట్టు తిప్పడు. ఆ వంకర నువ్వు చూసి ఉంటే ఆగేవాడివి. నీ చేయి నాకు తెలుసు, తొందరపడే చేయి కాదు అది. నువ్వు చూడలేదు. చూడలేకపోయావు.

కళ్ళు ఎప్పటినుంచి ఇలా ఉన్నాయి?

నాకు చెప్పకపోవడం నాకు కోపం కాదు. కోపమే, కానీ అది కాదు పెద్ద కోపం. నీ కళ్ళు మసకబారితే నా చేయి వణికిందని రాశావు చూడు, అదీ. నా చేతిని నువ్వు నీ కళ్ళకి కట్టుకునే గుడ్డ చేసుకున్నావు. ఇంకెవరి మీద వేసినా ఊరుకునేదాన్నేమో. నా చేతి మీద వేశావు. నాకు చేయి కాక ఇంకేం ఉందిరా?

(కోడలు రాయడం ఆపి మొహం తుడుచుకుంటోంది. "రాయవే, నేనే ఏడవడం లేదు" అన్నాను.)

పార్సెల్లో రింగు ఉంది. కొత్తది. ఒక్కటే ముక్క, మధ్యలో ఎవరూ లేరు. పాతదాని కన్నా ఇంకా పొట్టిగా కోశాను, గోరంత ఎత్తు. పసుపు ఫిల్టరు తొడిగి, లెన్సు వెనకనుంచి కన్ను పెట్టి నాలుగు మూలలా చూశాను. ఈ గది నాలుగు మూలలూ కనిపించాయి, ఒక మూల బూజు కూడా కనిపించింది. కోడలికి చూపించాను. "తర్వాత దులుపుతాను లెండి" అంది మూతి ముడుచుకుని.

నీ పాత మధ్య రింగు, నా పాత రింగు నా దగ్గరే ఉంచుకున్నాను. అవి నీకు అక్కర్లేదు.

ఆ ఆవిడతో చెప్పు, రింగు మా అక్క చేసిందని. అంత చెప్పు చాలు. మిగతాది చెప్పమని నేను అడగటం లేదు.

నీ అక్క


కెమెరాల దుకాణం నుంచి

అక్కా,

రింగు ఎక్కింది. నేను వేలితో తోశాను. తిరుగుతూ తిరుగుతూ వెళ్ళి ఆగింది. ఆ ఆగే చప్పుడు నాకు తెలుసు, నాన్న ముందు మనం పందేలు వేసుకునేవాళ్ళం ఎవరిది మెత్తగా ఆగుతుందని.

ఆవిడ మళ్ళీ మిల్లుకి వెళ్ళింది. అందరినీ మళ్ళీ నిలబెట్టింది. ఫొటో తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మూలలు తెల్లగా ఉన్నాయంది. చివర నిలబడ్డవాడు నవ్వుతున్నాడంది. "ఎవరు చేశారిది?" అంది. "మా అక్క. డెబ్బై నాలుగేళ్ళు. కాలితో తొక్కి చేస్తుంది" అన్నాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. నేనూ కాస్త ఛాతీ విరుచుకున్నాను, నేనే చేసినట్టు.

లేతు నీ దగ్గరే ఉంటుంది. ఆ మాట నేను మళ్ళీ ఎత్తను.

కళ్ళ సంగతి రెండేళ్ళ నుంచి. గాజు మీద మచ్చ ఇప్పటికీ వేలికి తెలుస్తుంది. అంకెలే కనిపించవు. నీ ఉత్తరం మా ఆవిడ చేత చదివించుకున్నాను, మా వాడికి చెప్పకు. చెబితే బల్ల దగ్గరినుంచి లేపేస్తాడు.

ఇది నా చేత్తోనే రాశాను. వరసలు ఎలా పోయాయో కోడల్ని క్షమించమను.

తమ్ముడు


కెమెరాల దుకాణం నుంచి

అత్తయ్యకి నమస్కారాలు.

ఇది నాన్నకి చెప్పకుండా రాస్తున్నాను. మీరు కోప్పడతారని తెలుసు, అయినా రాయక తప్పడం లేదు.

నాన్నకి కళ్ళు బాగా తగ్గాయి. ఆయన దాచుకుంటున్నారు, మేం తెలియనట్టు నటిస్తున్నాం. ఇంట్లో అందరం నాటకాల కంపెనీలా అయిపోయాం. మొన్న ఒకరి లెన్సు అద్దాన్ని తిరగేసి బిగించారు. నేను రాత్రి విప్పి సరిచేశాను. ఇంకొకరి లెన్సుకి గీత పడబోయింది, చివరి క్షణంలో నేను "నాన్నా, టీ" అని పిలిచాను. ఎన్నిసార్లని టీ అని పిలవను? రోజుకి ఏడెనిమిది టీలు తాగిస్తున్నాను ఆయన చేత.

నేను నోరు తెరిచి చెబితే వినరు. "రుజువేదిరా?" అంటారు. అత్తయ్యా, ఆ మిల్లు ఫొటో తాలూకు వంకర రింగు మీ దగ్గర ఉందని అమ్మ చెప్పింది. అది పంపండి. ఆయన ముందు పెట్టి, తాతయ్య మాట గుర్తు చేస్తాను. చేయి వణికిన రోజు పనిముట్టు రెండోవాళ్ళకి. మీరు ఆ మాటకి కట్టుబడతానన్నారు కదా, ఆయన కూడా కట్టుబడాలి. మీరు ఒక్క ముక్క రాసి, ఇది నా తమ్ముడి చేతి పని అని వేలిముద్ర వేసి పంపిస్తే చాలు. ఆయన మీ మాట కాదనరు.

ఆయన్ని కష్టపెట్టాలని కాదు. దుకాణం నిలబడాలని.

మీ మేనల్లుడు


లేతు గది నుంచి

అల్లుడికి,

దీన్ని నీ తండ్రి ముందు, దుకాణంలో, ఆయన బల్ల దగ్గర, బిగ్గరగా చదవాలి. చాటుగా చదివితే చెల్లదు. నువ్వు వేలిముద్ర అడిగావు కదా, వేస్తాను. దేని కింద వేస్తున్నానో ముందు విను.

నేను ఈ కుటుంబంలో ఇప్పుడున్నవాళ్ళలో పెద్దదాన్ని. రింగులావిడని. నీ తాత పెద్ద బిడ్డని, నీ తండ్రికి అక్కని. సోయి ఉండి, ఎవరి బలవంతం లేకుండా చెబుతున్నాను. నా కోడలి బలవంతం అసలే లేదు, అది ఇప్పటికి రెండుసార్లు "అత్తయ్యా, కాస్త తగ్గించండి" అంది.

నువ్వు అడిగిన వంకర రింగు లేదు. మొన్న లేతు మీద బిగించి, కోసి, పొడి పొడిగా రజను చేసేశాను. దానితో పాటు నా పాత రింగు కూడా. ఒకే పట్టులో, ఒకే పొద్దున. ఆ రజను ఏది నాదో ఏది డబ్బాలోదో ఇప్పుడు నేను కూడా చెప్పలేను. రుజువు కావాలంటే ఆ రజను పొట్లం కట్టి పంపిస్తాను. చెంచాతో ఏరుకో.

మొహం మాడ్చుకోకు. నువ్వు చెడ్డవాడివని అనలేదు. టీలు పోసి పోసి తండ్రి పరువు కాపాడుతున్నవాడివి, అది నాకు తెలుసు. ఒక్కటే తప్పు చేశావు. నీ తండ్రిని పట్టుకోవడానికి నీ తాత మాటని కొక్కెం చేశావు. ఆ కొక్కెం ముందు నీ తండ్రే నా మీద వేశాడు. నేను పడలేదు. పడలేదు గనకే ఇప్పుడు మాట్లాడే అర్హత నాకుంది. నేను ఓడి ఉంటే ఇది ఏడుపు అయ్యేది. గెలిచి అంటున్నాను గనక ఇది తీర్పు.

నాన్న మాట నేను దాటనని రాయించాను. ఈ ఒక్కదాన్ని దాటుతున్నాను. ఆయన ఆ మాట అన్నది చేతులు రెండే ఉన్న రోజుల్లో. ఒకటి చెడితే రెండోది పట్టుకోవాలి. ఇప్పుడు మన దగ్గర రెండు కావు, నువ్వున్నావు, నీ తండ్రి ఉన్నాడు, నేనున్నాను. చేయి వణికిందని పనిముట్టు లాక్కోవడం పనివాళ్ళ పద్ధతి కాదు, జప్తుకి వచ్చినవాళ్ళ పద్ధతి. కాబట్టి ఇవాళ్టి నుంచి మన ఇళ్ళలో నడవాల్సిన మాట ఇది. చెప్పినట్టు రాయి కోడలా, ఒక్క అక్షరం తగ్గించకు.

లేతు ఈ గదిలోంచి కదలదు. నీ తండ్రి బల్ల ఆ దుకాణంలోంచి కదలదు. చేయి తగ్గినవాళ్ళు పక్కన ఇంకో చేయి పెట్టుకుంటారు, చోటు మాత్రం వాళ్ళదే. అంకెలు నువ్వు చూడు, వెర్నియరు నువ్వు పట్టు, గాజుని నీ తండ్రి పట్టనీ. నీ కళ్ళు ఎంత మంచివైనా గాజు అంచున పెళ్ళ లేచిందో లేదో గోటితో చెప్పలేవు. వాడు చెబుతాడు. మర సరిగ్గా కూర్చుందో లేదో చప్పుడు విని చెబుతాడు. అది నేర్చుకో. టీ అని పిలవకు, "నాన్నా, ఆగు, అంకె నేను చదువుతాను" అని పిలువు. వాడు నీ మీద అరుస్తాడు. అరవనీ. నా తమ్ముడు, అరిస్తే రెండు వీధులకి వినపడుతుంది, అంతకు మించి ఏమీ చేయడు.

వాడి కళ్ళు ఎలా ఉన్నాయని నన్ను అడగకు. నేను చెప్పను. పక్కనే కూర్చున్నాడు కదా, వాడినే అడుగు. ఒరే తమ్ముడూ, నువ్వు వింటున్నావని నాకు తెలుసు. తల దించుకుని ఉంటావు. ఎత్తు. నేను లేతు నిలబెట్టుకున్నది నిన్ను బల్ల మీదనుంచి లేపడానికి కాదు.

రేపు నా చేయి వణికినా ఇదే మాట నాకూ నడుస్తుంది. కోడలు పక్కన నిలబడి టూలు పట్టుకుంటుంది. ఇప్పుడే నేర్చుకుంటోంది, మొదటి మర కాస్త గంతులు వేసింది, రెండోది నయం. ఇంకా వణకలేదనుకో. అది వేరే సంగతి. వణకలేదని రాశావా కోడలా? పెద్ద అక్షరాలతో రాయి.

ఇకనుంచి అంకెలు రాసి పంపొద్దు. లెన్సే పంపండి, మూతతో సహా. రింగు వెళ్ళేటప్పుడు చీటీ మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి, ఇత్తడి అక్కది, గాజు తమ్ముడిది అని. కొనేవాళ్ళు చదువుకుంటారు. చదువు రానివాళ్ళకి మీరు చెప్పండి.

ఇది నా మాట. చదివి వినిపించగా విన్నాను. ఒక చోట కోడలు "దయచేసి" అని చేర్చింది, కొట్టేయించాను.

ఇత్తడి పొడి అంటిన కుడి బొటనవేలి ముద్ర: రింగులావిడ

సాక్షులు:
కోడలు, రాసిన మనిషి, లేతు దగ్గర రెండో చేయి
పక్క కొట్టు దర్జీ, తన చేత్తో సంతకం, "చేయి నిబ్బరంగా ఉంది, నేను చూశాను" అని కింద రాస్తూ
కొడుకు, ముందుగదిలో మంచం అక్కర్లేదని ఒప్పుకుంటూ